పొట్లం కాగితం మీద ఆగిపోయిన కథ

ప్రశ్న

అమ్మా, నమస్కారం. నాకు నలభై ఏడేళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మా అపార్ట్‌మెంట్‌లో పదిమంది ఆడవాళ్లం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూర్చుని చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. వచ్చే నెల ఎవరికి వాళ్లు తమకు ప్రాణమైన పుస్తకం ఒకటి తెచ్చి చూపించాలి, చిన్నప్పుడు ఎలా చదువుకున్నారో చెప్పాలి అనుకున్నాం. అనుకున్న రోజే కొందరు ఆగలేక మొదలుపెట్టేశారు. ఒకావిడ వాళ్ల తాతగారి అద్దాల బీరువా గురించి చెప్పింది. ఇంకొకావిడ వాళ్ల నాన్నగారు విజయవాడ వెళ్లినప్పుడల్లా తెచ్చే రష్యా బొమ్మల పుస్తకాల గురించి చెప్పింది. ఒకమ్మాయి కాన్వెంటులో చదివిన ఇంగ్లీషు పుస్తకాల పేర్లు గబగబా చెప్పుకుపోయింది. నేను నోరు మెదపలేదు.

మాది చీరాల దగ్గర పల్లెటూరు. నాన్నది చిల్లర కొట్టు. మా ఇంట్లో పుస్తకం అంటే ఖాతా పుస్తకమే. పొట్లాలు కట్టడానికి సైకిలు మీద వచ్చే పాత కాగితాలవాడి దగ్గర కిలోల లెక్కన కాగితాలు కొనేవాళ్లం. వారపత్రికలు, పరీక్ష పేపర్లు, ఏవి పడితే అవి ఉండేవి. బడి నుంచి వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుని, నాన్న వాటిని చింపేలోపు చదివేదాన్ని. అదృష్టం కొద్దీ పరీక్ష పేపర్లు దొంతరలో పైన ఉండేవి, కథలున్నవి అడుగున ఉండేవి. అందుకని కాస్త వ్యవధి దొరికేది. అయినా మొదలు దొరికిన కథకు చివర దొరికేది కాదు.

ఐదో తరగతిలో ఒక కథ చదివాను. పెద్ద సైజు పేజీ, మూడు వరుసల అచ్చు. వెనకవైపు ఒక సినిమా ప్రకటన సగం ఉంది, ఆ సినిమా పేరు ఇప్పటికీ గుర్తుంది. కథలో ఒక ముసలి పోస్టుమాన్ వానలో ఒక ఇంటి ముందు సైకిలు ఆపి, మనియార్డరు వచ్చిందని కేకేస్తాడు. ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరని లోపలి నుంచి జవాబొస్తుంది. ఆ గొంతు అతనికి తెలుసు. తలుపు గడియ తీసిన చప్పుడైంది, అంతే, పేజీ అయిపోయింది. తర్వాతి కాగితం అప్పటికే అరకిలో కందిపప్పు పొట్లమై వెళ్లిపోయింది. ఎవరికిచ్చావని నాన్నను అడిగి వాళ్లింటికి పరిగెత్తాను. పప్పు డబ్బాలో పోసుకుని కాగితం పొయ్యిలో పెట్టేశారు. ఏడుస్తూ తిరిగొచ్చాను. నాన్న ఏమీ అనలేదు. మర్నాటి నుంచి చింపే ముందు "చూసేశావా?" అని అడిగేవాడు.

ఇది పదిమందిలో ఎలా చెప్పను? కథ పేరు తెలియదు, రాసినవాళ్లెవరో తెలియదు. పేరున్న నవల ఒకటి కొని, అదే చెబుదామని చదువుతున్నాను. వంద పేజీలు కూడా దాటలేదు. అలా చెప్పేస్తే తప్పా? ఇంకొకటి, ఆ కథ ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందా? నాన్నకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఊళ్లోనే తమ్ముడి దగ్గర ఉంటాడు. నా పేరు వేయకండి.

సమాధానం

అమ్మా,

కొన్న నవలను ముందు అలమరలో పెట్టేయండి. మంచి పుస్తకమే అయ్యుంటుంది, ఎప్పుడైనా తీరిగ్గా చదువుకుందురు గానీ. ఆ రోజు కోసం మాత్రం కళ్లు మూసుకుని మందు మింగినట్టు మింగకండి. అదే నా ప్రాణం అని నలుగురి ముందూ చెప్పకండి. ఒకప్పుడు నేనూ ఆ పని చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక చిన్న ఊరు. మా వాడకట్టులో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏడెనిమిది మంది ఒకరి అరుగు మీద చేరేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, దారం ఉండ. చేతులకు తీరిక ఉండదు, చూపు ఆకు మీదనే ఉండాలి. చెవులొక్కటే ఖాళీ. నేనప్పుడు ఏడో తరగతి. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, రోజుకు పది పైసలు. ఆ డబ్బు వాళ్లు తలా ఇంత వేసుకుని ఇచ్చేవాళ్లు. వెళ్లి పుస్తకం తెచ్చి పైకి చదవడం నా వంతు. ఎక్కువగా జేబులో పట్టే డిటెక్టివ్ నవలలే. మంచినీళ్లకు లేచినా ఊరుకునేవాళ్లు కాదు, "ఏమైంది పిల్లా, ఆగినవేంది, సదువు" అనేవాళ్లు. కథ ముదిరినచోట వేళ్లు నెమ్మదించేవి. ఒక పెద్దక్క వేళ్లు మాత్రం ఆగేవి కావు, ఆ రోజుకు వెయ్యి కాకపోతే ఆమె ఇల్లు గడవదు. అందరికంటే శ్రద్ధగా వినేదీ ఆమే.

ఒకసారి తెచ్చిన నవలకు చివరి పేజీలు లేవు. ఎవరో చింపేశారు. హంతకుడెవరో తేలలేదు. అద్దె కొట్టాయన ఇంకో ప్రతి లేదన్నాడు. మూడు రోజులు ఆ అరుగు మీద అదే పంచాయితీ. తమ్ముడని ఒకరు, డాక్టరని ఒకరు. పెద్దక్క అంతా విని, ఒక బీడీకి దారం చుట్టి ముడివేసి, "పాలేరే చంపిండు. వాన పడ్డ రాత్రి వాని చెప్పులు పొడిగ ఉన్నయని రాసిండు గద" అంది. నేను పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. ఉంది, ఆ వాక్యం ఉంది. పైకి చదివిన నాకే అది తట్టలేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు.

తర్వాత డిగ్రీలో తెలుగు చదువుదామని హైదరాబాద్ వెళ్లాను. సీటు కోసం లోపలికి పిలిచి మాట్లాడినప్పుడు ఒక పెద్దాయన, "నీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏదమ్మా?" అని అడిగారు. నాకు ఆ అరుగే గుర్తొచ్చింది. పైకి మాత్రం ఒక ప్రబంధం పేరు చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. "ఏదీ, నీకు నచ్చిన పద్యం ఒకటి చదువు" అన్నారు. పాఠ్యపుస్తకంలో ఉన్న పద్యం తప్ప నాకు మరొకటి రాదు, అదే చదివాను. ఆయనకు అర్థమైపోయింది. కోప్పడలేదు, "సరేనమ్మా" అని తర్వాతి పిల్లను పిలిచారు. సీటు వచ్చింది. ఆడిన అబద్ధాన్ని ఎప్పుడో మరిచిపోయేదాన్ని. కానీ ఆ ఏడెనిమిది మందినీ గది బయట నిలబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లినట్టనిపించింది. అది మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు.

మీరు ఆ నవల పేరు చెబితే బయట నిలబడేది మీ నాన్నగారు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అదృష్టం కొద్దీ పరీక్ష పేపర్లు పైన, కథలున్నవి అడుగున ఉండేవని రాశారు. కాగితాలవాడు కాటా వేసి ఇచ్చే కట్టలో అన్నీ కలిసే వస్తాయి. పిల్లల జవాబు పత్రాలు, వారపత్రికలు, ఆఫీసు కాగితాలు ఒక వరస లేకుండా ఉంటాయి. కాగితాలు వాటంతట అవి సర్దుకోవు. పొద్దున కొట్టు తెరిచినప్పుడో, మీరు బడికి వెళ్లాకనో ఎవరో ఒకరు ఆ కట్ట విప్పి, కథలున్నవి ఏరి అడుగున పెట్టాలి. కొట్లో ఆయన కాక ఇంకెవరున్నారు? ఆయన ఎంతవరకు చదువుకున్నారో మీరు రాయలేదు. పెద్దగా చదువుకోని మనిషైతే మాత్రం, బొమ్మ ఉన్న కాగితాన్ని కథ కాగితంగా గుర్తుపట్టి ఉంటారు. నేను పొరబడుతున్నానేమో, ఆయన్నే అడగండి. ఒక్కటి మాత్రం ఊహించక్కర్లేదు, మీరే రాశారు. పొయ్యిలో పోయిన కాగితం కోసం మీరు ఏడ్చిన మర్నాటి నుంచి ఆయన మిమ్మల్ని అడగకుండా కాగితం చింపలేదు. బేరం మీద మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, తక్కెడలో పప్పు తూగి ఉండగా, "చూసేశావా?" అని కూతురిని అడిగిన తండ్రి ఆయన. తాతగారి అద్దాల బీరువా పక్కన ఈ మాట ఎందులో తీసిపోయిందో నాకైతే తెలియడం లేదు.

ఇక రాసినవాళ్ల పేరు తెలియదని సిగ్గుపడుతున్నారు కదా. చందమామ 1947 జూలైలో మొదలైంది. మూడు తరాల తెలుగు పిల్లలు దాన్ని ప్రాణంగా చదివారు. అందులో నెలనెలా వచ్చే సాహస సీరియళ్ల కోసం, ఆ మాంత్రికులు, కోటలు, రాకాసి లోయల కోసం పోస్టుమాన్‌కు ఎదురువెళ్లిన పిల్లలు ఎందరో. 'తోకచుక్క' మొదలుకొని వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఏళ్ల తరబడి ఆ సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. చదివిన పిల్లల్లో చాలామందికి తాము పెద్దయి, తమ పిల్లలు కూడా పెద్దయ్యాక ఆ పేరు తెలిసింది. ముఖచిత్రం వేసిన వడ్డాది పాపయ్య గారు కూడా పిల్లలకు బొమ్మ మూలన ఉండే 'వపా' అనే రెండక్షరాలే. అందుకని వాళ్ల ఇష్టం ఏమైనా తగ్గిందా? పేర్లు గుర్తుపెట్టుకోవడం పెద్దయ్యాక అబ్బే అలవాటు. పదేళ్ల పిల్లకు పోస్టుమాన్ వానలో తడుస్తున్నాడన్నదే ముఖ్యం.

మీ స్నేహితురాళ్ల మాటలకు చిన్నబుచ్చుకోకండి. వాళ్లు గొప్పలు పోతున్నారని నేను అనుకోవడం లేదు. రష్యా పుస్తకాలావిడనే తీసుకోండి. ఆ పుస్తకాలను మాస్కోలో కూర్చుని తెలుగులోకి తెచ్చినవాళ్లు తెలుగువాళ్లే. ఉప్పల లక్ష్మణరావు గారు, రాళ్లభండి వెంకటేశ్వరరావు గారు, ఇంకా కొందరు. ప్రగతి, రాదుగ అన్న ప్రచురణాలయాల పేర్లు లోపలి పేజీలో ఉండేవి. ఇక్కడ విశాలాంధ్ర పుస్తకాల కొట్లలో ఎంత చవగ్గా దొరికేవంటే, నెల జీతం మీద బతికే గుమస్తా కూడా పిల్లలకు రెండు మూడు కొనిపెట్టగలిగేవాడు. 1991లో సోవియట్ యూనియన్ అనే ఆ దేశమే లేకుండా పోయింది, పుస్తకాల రాకా ఆగింది. ఆవిణ్ని ఒక మాట అడిగి చూడండి, ఆ పుస్తకాలు ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా అని. చెదలకో, వరదకో, బదిలీల్లో ఇల్లు మారినప్పుడో పోయాయనే చెబుతుందని నా అనుమానం. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇలాంటివి తరచూ ఉంటాయి. ఫలానా పుస్తకం పోయింది, అట్ట మీద ఎలుగుబంటి బొమ్మ ఉండేది, ఎక్కడైనా దొరుకుతుందా అని అడుగుతారు. మీరు పోయిన పేజీ కోసం వెతుకుతున్నారు, వాళ్లు పోయిన పుస్తకం కోసం వెతుకుతున్నారు.

పుస్తకం ఇంటి దాకా రావడం మన దగ్గర ఎప్పుడూ తేలిక కాదు. మీ చీరాలకు కాస్త ఎగువన, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద 1935లో పడవలో గ్రంథాలయం నడిచింది. పాతూరి నాగభూషణం గారు పూనుకుని నడిపించారు. రోడ్డు సరిగా లేని ఊళ్లకు పుస్తకాలు నీళ్ల మీద వెళ్లేవి. గట్టు మీద నిలబడి పడవ కోసం చూసిన పిల్లలు ఉండే ఉంటారు. మీకు సైకిలు మీద కాగితాలవాడు తెచ్చాడు. మాకు బీడీల డబ్బు తెచ్చింది. ఆ పదిమందిలో ఇంకెవరికో బడ్డీకొట్టు నుంచి వచ్చి ఉంటుంది, మీలాగే చెప్పలేక ఊరుకుని ఉంటారు. అనుకున్న రోజు నోరు మెదపనిది మీరొక్కరేనా? పదిమందిలో ముగ్గురి మాటలే మీరు రాశారు.

ఏ పుస్తకం పట్టుకెళ్లాలన్నది మీకు పెద్ద చిక్కుగా ఉంది. నన్నడిగితే పుస్తకమే వద్దు. పాత పత్రిక నుంచి ఒక కాగితం, కాస్త కందిపప్పు, బారెడు పురికొస తీసుకెళ్లండి. చెప్పడం మొదలుపెట్టే ముందు అక్కడే పొట్లం కట్టండి. మీ వేళ్లకు ఇంకా వచ్చే ఉంటుంది. కాగితం మూల పట్టుకుని శంకులా చుట్టడం, అడుగు మెలిపెట్టి మడవడం, పప్పు పోసి రెండు సార్లు నేలకు తట్టడం, పైఅంచు లోపలికి దోపడం, పురికొస రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపడం. తర్వాత ఆ పొట్లం పక్కన కూర్చున్నావిడ చేతిలో పెట్టి, మీద కనిపించే అచ్చు చదవమనండి. రెండు వాక్యాలు చదివేసరికి మడత అడ్డం వస్తుంది. అక్కడి నుంచి మీరు చెప్పండి. పోస్టుమాన్ గురించి, గడియ చప్పుడు గురించి, కందిపప్పు కొన్న ఇంటిదాకా తీసిన పరుగు గురించి. గొంతు తడబడినా ఫరవాలేదు. నాన్నగారి "చూసేశావా?" మాత్రం మరిచిపోకుండా చెప్పండి.

ఎవరైనా నవ్వితే? నవ్వరనే అనుకుంటున్నాను. ఒకరిద్దరు మొహమాటానికి చప్పట్లు కొట్టి ఊరుకున్నా, అది వాళ్లతోనే పోతుంది.

ఇక ఆ కథ దొరుకుతుందా అన్నారు. దొరకవచ్చు, మాట మాత్రం ఇవ్వలేను. పెద్ద సైజు, మూడు వరుసల అచ్చు అంటున్నారు కాబట్టి వారపత్రిక అయ్యుంటుందని నా ఊహ. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలతో మొదలుపెట్టండి. పొట్లాల కాగితం కొట్టుకు చేరేసరికి ఎంత పాతదో చెప్పలేం, ఒకరింట్లో అటక మీద పదేళ్లు పడి ఉండి కూడా రావచ్చు. కాబట్టి మీరు ఐదో తరగతి చదివిన ఏడాదిని నమ్ముకోకండి. మీకు అసలైన ఆధారం వెనకవైపున్న సినిమా ప్రకటన. ఆ సినిమా ఏ నెలలో విడుదలైందో ముందు కనుక్కోండి. ప్రకటనలో త్వరలో విడుదల అని ఉందా, విజయవంతంగా నడుస్తోందని ఉందా, గుర్తు తెచ్చుకోండి. మొదటిదైతే విడుదలకు ముందు మూడు నాలుగు నెలలు, రెండోదైతే తర్వాత మూడు నాలుగు నెలలు. వారానికొకటి చొప్పున పదిహేను సంచికలు, మూడు పత్రికలకు కలిపి నలభై ఐదు. చేత్తో తిప్పి చూడగలిగినన్నే. కథకు బొమ్మ ఉండి ఉంటే దాని మూలన సంతకం ఎలా ఉందో కూడా గుర్తు చేసుకోండి. ఏ చిత్రకారుడు ఏ పత్రికకు ఎక్కువగా వేసేవాడో పాత పాఠకులు ఇట్టే చెప్పేస్తారు.

ఇంట్లో కూర్చుని చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పత్రికలు బాగానే ఉన్నాయి. చాలావరకు పేజీల ఫొటోలే కాబట్టి పోస్టుమాన్ అని కొట్టి వెతికితే రావు, సంచిక సంచికా తెరిచి చూసుకోవాలి. హైదరాబాద్‌లోనే సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, ఆరుద్ర గారి పుస్తకాలు కూడా చేరిన గ్రంథాలయం అది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధన చేసే పిల్లలు అక్కడికే వెళ్తారు. సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. ఒక శనివారం ఇటు, ఒక శనివారం అటు పెట్టుకోండి.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ముప్ఫై ఏడేళ్లుగా ఆ తలుపు తెరుచుకున్నాక ఏమైందో మీరు మనసులో ఎన్ని రకాలుగా కల్పించుకుని ఉంటారో. అందులో బాగా నచ్చినదాన్ని కాగితం మీద పెట్టండి. తేదీ వేసి దాచుకోండి. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఆ డిటెక్టివ్ నవల చాలా ఏళ్ల తర్వాత నాకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది, చివరి పేజీలతో సహా. అక్కడే నిలబడి చదివేశాను. హంతకుడు పాలేరే. పెద్దక్క చెప్పిందే నిజమైంది. కానీ తమ్ముడని వాదించినావిడ, డాక్టరని వాదించినావిడ అందుకు ఏయే కారణాలు చెప్పారో, ఆ మూడు రోజుల పంచాయితీ ఎలా సాగిందో గుర్తు చేసుకోబోతే, అన్నిటి మీదా ఆ అచ్చు పేజీయే వచ్చి కూర్చుంది. ముందే రాసుకుని ఉంటే బాగుండేది. పెద్దక్కకు చెబుదామని ఊరికి ఫోన్ చేశాను. ఆమె పోయి అప్పటికి రెండేళ్లయిందట.

అందుకే మీరు ఈ పనులన్నిటికంటే ముందు ఊరికి వెళ్లి రండి. వచ్చే నెల దాకా ఆగకండి. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషికి కొట్టు సంగతులు పొద్దుటి పూట బాగా గుర్తుంటాయి. కాఫీ తాగాక పక్కన కూర్చుని, కాగితాలు ఎవరు సర్దేవాళ్లు నాన్నా అని అడగండి. నేరుగా జవాబు రాకపోవచ్చు. కాగితాలవాడు కిలో ఎంతకిచ్చేవాడో చెబుతారు, తూకంలో ఎలా మోసం చేసేవాడో చెబుతారు, ఏ కాగితంలో బెల్లం కడితే అంటుకునేదో చెబుతారు. ఓపిగ్గా వినండి. మీకు కావలసింది మధ్యలో ఎక్కడో వస్తుంది. కందిపప్పు కొన్నది ఏ ఇంటివాళ్లో ఆయనకు గుర్తుంటే అదీ రాసుకోండి.

ఆ మర్నాడు ఆయన్ని ఆటో ఎక్కించుకుని వేటపాలెం తీసుకెళ్లండి. సారస్వత నికేతనం మీకు కొత్త కాదు, పేరు వినే ఉంటారు. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ గారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలకు పేరుపడ్డ చోటు, ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. పొట్లం కాగితాల్లో మీరు ముక్కలు ముక్కలుగా చదువుకున్న పత్రికలు అక్కడ ఉంటే, ఏడాదికి ఏడాది కుట్టి ఉంటాయి. వెళ్లే ముందు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. ఏ పత్రిక, ఏ సంవత్సరం అని చీటీ మీద రాసి ఇస్తే వెతికిచ్చేవాళ్లకూ సుళువు. కాగితం బాగా పాతదై ఉంటుంది, పేజీ మూల పట్టుకుని లాగకుండా అరచేత్తో తిప్పాలి. ఆ సంగతి నాన్నగారికి మీరు చెప్పక్కర్లేదు లెండి, జీవితమంతా కాగితంతో పనిచేసిన చేతులు.

ఆయనకు కిటికీ పక్కన కుర్చీ వేయించి, ఒక సంపుటం ఆయన ముందు పెట్టండి. మీరు మీ కథ వెతుక్కుంటూ ఉండండి, ఆయన్ని ఊరికే పేజీలు తిప్పనివ్వండి. బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగుతారేమో గమనించండి. ఆగితే, మీ చేతిలో పని పక్కన పెట్టి ఆ కథ పైకి చదివి వినిపించండి. అది పోస్టుమాన్ కథ కాకపోయినా సరే, చివరి పేజీ దాకా చదవండి.